తెల్లవారితే శుక్రవారం

పదకొండూ పదికి తలుపు మూసుకుంది. గోడ గడియారంలో చూశాను, కంప్యూటర్ తెర మూలనున్న అంకెల్లోనూ చూశాను, రెండూ ఒకటే చెప్పాయి, ఎప్పుడూ రెండు నిమిషాలు తేడాగా నడిచేవి ఈ రోజే ఎందుకు కలిశాయో. లోపల నలుగురున్నారు. సినిమావాళ్ళకు లైట్లూ జనరేటరూ వాటితోపాటు మనుషులనూ పంపే మా యూనిట్ యజమాని చలపతిరావు గారు, మేనేజర్ అచ్యుతరామయ్య గారు, లైట్‌మెన్ సంఘం తరఫున వచ్చిన పెద్దమనిషి, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకున్న భిక్షం. వాళ్ళ మధ్య బల్ల మీద నేను పొద్దున ప్రింటు తీసిన కాగితం. భిక్షం మళ్ళీ మా బండి ఎక్కుతాడా, లేక డ్యూటీలో నిద్రపోయి పడ్డవాడన్న పేరుతో బోరబండలో ఇంట్లో కూర్చుంటాడా అన్నది ఆ కాగితాన్ని బట్టి ఉంటుంది. ఒక యూనిట్ కొట్టేసిన పేరును ఫిల్మ్‌నగర్‌లో ఇంకో యూనిట్ రాసుకోదు. అందుకే నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఆ కాగితం పక్కన ఇంకో కాగితం కూడా ఉంది, అదీ నేను తీసిందే, మూడు వారాల కిందట, అది తప్పు.

తలుపు చెక్కది, కింద వేలెడంత సందు, ఆ సందులోంచి ఏసీ చల్లదనం నా పాదాల మీదికి వస్తుంది కానీ మాటలు రావు, గొంతుల బరువు మాత్రం తెలుస్తుంది. ఇప్పుడు మాట్లాడుతున్నది అచ్యుతరామయ్య గారు, ఆయన గొంతు ఎప్పుడూ ఎక్కడో దూరంగా ఉన్నవాళ్ళకు చెబుతున్నట్టే ఉంటుంది, ముప్పై ఏళ్ళు షూటింగ్ ఫ్లోర్‌లో అరిచి అరిచి. కిటికీలోంచి చూస్తే మా గేటు, గేటు అవతల ఇంకా పగలగొట్టని బండరాళ్ళు, వాటి మధ్య ఇరుక్కున్నట్టు కట్టిన పెద్ద పెద్ద ఇళ్ళు, ఒక ఇంటి ముందు కారు తుడుస్తున్న డ్రైవరు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఎవరో బయటికి వచ్చేదాకా అలా తుడుస్తూనే ఉండాలి కాబోలు. ఎదురుచూడటం కూడా డ్యూటీయే ఈ ఊళ్ళో, జూబ్లీ హిల్స్‌లో సగం మంది పని అదే, గేటు దగ్గర, కారు దగ్గర, మేకప్ గది బయట. దాన్ని ఏ గడిలో వేస్తారో నాకు తెలియదు. మా యూనిట్లో మాత్రం కంప్యూటర్‌లో పని గంటల గడిలో వేస్తాం, వేసేది నేనే. బండి గేటు దాటిన నిమిషం నుంచి తిరిగి గేటు లోపలికి వచ్చిన నిమిషం దాకా అంతా పనే. నేను చేరిన మొదటి రోజే అచ్యుతరామయ్య గారు చెప్పిన మాట అది, ఏడు నెలలైంది, ఆ మాట ఆయనే మర్చిపోయినట్టున్నారు.

గడులు. నాకు గడులంటే ఇష్టం. అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్చుకున్నప్పుడు పక్కన కూర్చున్న అమ్మాయిలంతా ఇంగ్లీషు మీడియం, మల్లికార్జున్ సార్ అడగకముందే జవాబు చెప్పేవాళ్ళు, నేను ఆఖరి బల్ల మీద నోరెత్తకుండా రాసుకునేదాన్ని. ఒకరోజు ఆయన, కంప్యూటర్‌కి తేదీ అంటే ఒక అంకె, పందొమ్మిది వందల సంవత్సరం మొదటి రోజు ఒకటి, అక్కణ్ణుంచి రోజుకొకటి పెరుగుతుంది అన్నారు. రోజు ఒకటి అయితే గంటలేమిటి అన్నారు. ముందు బల్లల అమ్మాయిలు పుస్తకాలు తిరగేశారు. పగలు పన్నెండంటే అర, పొద్దున ఆరంటే పావు, సాయంత్రం ఆరంటే ముప్పావు, అని నేను లోలోపలే అనుకున్నాను, అనుకున్నది బయటికి వచ్చేసింది. వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. మా ఊరి బళ్ళో పావు, అర, ముప్పావు ఎక్కాల్లాగా చెప్పించేవాళ్ళు, అదేం పెద్ద విద్య కాదు. కానీ ఆ రోజు మొదటిసారి అనిపించింది, ఈ పెట్టె నాకు తెలిసిన భాషే మాట్లాడుతోందని. ఆ లెక్కన భిక్షం పడిన శుక్రవారం ముప్పై అయిదు వేల నూట పదకొండు. అతను పడిన నిమిషం ఆ అంకె తర్వాత చుక్క పెట్టి రాసే చిన్న ముక్క, పదీ పావు, రోజులో సగం కూడా కాలేదు.

జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంట్లో షూటింగ్. హీరో డేట్లు ఆ శుక్రవారంతో అయిపోతాయి, అందుకని బుధవారం నుంచీ ఊపిరాడని పని. మా లైట్‌మెన్‌లో ఇద్దరు పెళ్ళికి పోయారు, వాళ్ళ బదులు కూడా భిక్షమే. పైన కట్టిన మంచె మీద లైటు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కన్ను మూశాడట, లైటుతో సహా కింద పడ్డాడు. లైటు కింద ఎవరూ లేరు, అది అదృష్టం. మూడు రోజులకు యజమాని గారు పని గంటల పట్టీ అడిగారు. నేను తీసి ఇచ్చాను. బుధవారం మూడున్నర గంటలు. గురువారం అయిదు గంటలు. శుక్రవారం పడేదాకా నాలుగుంపావు. మొత్తం పన్నెండు గంటల నలభై అయిదు నిమిషాలు. మూడు రోజులకు! చలపతిరావు గారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు. "పన్నెండు ముప్పావు గంటలకే నిద్రొచ్చేస్తే వీడికి మంచె ఎందుకండీ, మంచం వేయించండి" అన్నారు. ఆ మాట మధ్యాహ్నానికల్లా ఫిల్మ్‌నగర్ అంతా తిరిగింది. మంచం భిక్షం అని పేరు పెట్టారు. నేను ఇచ్చిన అంకెలోంచి పుట్టింది ఆ పేరు.

తలుపు వెనక కుర్చీ జరిగిన చప్పుడు. లేచారా? లేదు. పదకొండూ ఇరవై మూడు. ఇప్పుడు సంఘం ఆయన గొంతు, మెత్తగా, తొందర లేకుండా.

భిక్షం ఆస్పత్రి నుంచి వచ్చాక నేరుగా ఇక్కడికే వచ్చాడు. ఈ బల్ల ముందే నిలబడ్డాడు. అచ్యుతరామయ్య గారు పట్టీ చదివి వినిపించారు, ఇదిగోనయ్యా, కంప్యూటర్ చెప్పింది, మూడున్నర, అయిదు అని. భిక్షం కోప్పడలేదు, నవ్వాడు, నవ్వితే పక్కటెముక నొప్పి అనుకుంటా, ఆగిపోయాడు. "సార్, గా మూడున్నర గంటలు నేను పని చేసింది గాదు. నేను ఇంటికి పోయొచ్చిన టైం గది" అన్నాడు. "మెషిన్‌కి నీ మీద కక్షేమైనా ఉందా?" అన్నారు అచ్యుతరామయ్య గారు. భిక్షం తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ముక్క మాత్రం నా బల్ల మీదే ఉండిపోయింది. ఇంటికి పోయొచ్చిన టైం. అబద్ధం చెప్పేవాడు పని ఎక్కువ చేశానంటాడు కానీ, మీరన్న గంటలు సరిగ్గా నా విశ్రాంతి గంటలు అని అంత కచ్చితంగా ఎలా అంటాడు?

గేటు రిజిస్టరు తెప్పించుకున్నాను. గేటు దగ్గర వెంకటనర్సయ్య తాత రాసేది, బండి పోయిన టైం, వచ్చిన టైం, ఎక్కిన మనుషుల పేర్లు. పద్నాలుగో తేదీ, బుధవారం, పోయింది పొద్దున ఆరు, వచ్చింది రెండున్నర. పదిహేనో తేదీ, పోయింది ఆరు, వచ్చింది ఒకటి. మధ్యాహ్నం రెండున్నరా తాతా? అని అడిగాను. "పగటీలి రెండున్నరకు పేకప్ అయితె అందరం సంబరపడుదుము గద బిడ్డా" అన్నాడు. మరి తేదీ మారాలి కదా, రాత్రి పన్నెండు దాటితే పదిహేను కదా? తాత నన్ను విచిత్రంగా చూశాడు. "పొద్దు పొడవక ముందు తారీకు యాడ మారుతది? మేనేజర్ సారు గూడ గట్లనే చెప్పిండు. పొద్దుగాల ఏ కాల్షీట్ మొదలైతె పేకప్ అయ్యేదాంక గదే తారీకు." అవును, నాకూ అదే చెప్పారు. మద్రాసు నుంచి వచ్చిన పద్ధతి, కాల్షీట్ మీద పొద్దున పడిన తేదీయే తేదీ. రాత్రి రెండైనా మూడైనా అది నిన్నటి రోజే. అలా రాసిన రిజిస్టరును చూసి అలాగే గడుల్లోకి ఎక్కించింది నేను. చేరిన కొత్తలో, ఇలాంటి రెండున్నరలోంచే మొదటిసారి ఆరు తీసెయ్యమంటే కంప్యూటర్ తీయలేదు, గడి నిండా జల్లెడ కన్నాల్లాంటి గుర్తులు పెట్టింది.  భయపడి అచ్యుతరామయ్య గారిని అడిగాను. ఆయన ఫోన్లో ఉన్నారు, రిసీవర్ చేత్తో మూసి "పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యమ్మాయ్" అన్నారు. తీసేశాను. జల్లెడ గుర్తులు పోయాయి, చక్కగా మూడున్నర వచ్చింది, ఎంత సంతోషమో నాకు ఆ రోజు, అప్పట్నుంచీ అలాగే తీస్తూ వచ్చాను.

రాత్రి రెండున్నరకు వచ్చి, పొద్దున ఆరుకు మళ్ళీ బండెక్కాడు. మధ్యలో మూడున్నర. ఒంటి గంటకు వచ్చి, ఆరుకు ఎక్కాడు. మధ్యలో అయిదు. అతను ఇంట్లో ఉన్న గంటలనే నేను అతని పని గంటలుగా వేశాను. అతని నిద్ర తీసి అతని మీదే నేరంగా రాశాను. అది తెలిసిన మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయలేదు, అలాగే హాస్టల్‌కి తీసుకుపోయాను.

నాయనమ్మ ఉంటే నవ్వేది. దేవమ్మ, మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు మంత్రసాని. అక్షరం రాదు. కాన్పు చేసి పొద్దున్నే ఇంటికి వచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూనే పిలిచేది, రాయి బిడ్డా అని. నాలుగో తరగతి నుంచీ ఆమె పుస్తకం నాదే. ఆడపిల్ల, మొగపిల్లగాడు, ఎవరి ఇల్లు, ఏ వేళ. మా బడి పెద్దసారు తేదీ అడిగేవాడు, జాతకం రాసే పంతులు వారం అడిగేవాడు, ఇద్దరికీ కుదిరేది కాదు. రాత్రి రెండుకు పుట్టిన పిల్ల గురువారం పిల్లా, శుక్రవారం పిల్లా? ఒకసారి నేను శుక్రవారం అని రాస్తే నాయనమ్మ చదివించుకుని విని, కాదు అంది. గురువారం అంటే మా ఊళ్ళో బేస్తారం, అది రాస్తే పెద్దసారు కాదన్నాడు. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగింది. అప్పుడామె తడి చేతులు చీరకు తుడుచుకుని, "ఇద్దరిదీ కొట్టెయ్యకు. బేస్తారం రాత్రి, తెల్లారితె శుక్కురారం. గట్ల రాయి. ఎవలకు గావల్సింది వాళ్ళు తీస్కుంటరు" అంది. ఆ తర్వాత పుస్తకం నిండా అదే వరస. బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం. శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం. చదువురాని మనిషి రెండు రోజులకు వంతెన వేసింది, దాని మీద ఎంతమంది పిల్లలు నడిచి వచ్చారో. ఈ ఊళ్ళో పెద్ద మేనేజర్‌కూ, ఈ పెట్టెకూ మధ్య లేనిది ఆ వంతెనే.

పదకొండూ నలభై. డ్రైవరు ఇంకా కారు తుడుస్తూనే ఉన్నాడు.

తప్పు తెలిశాక కొత్త నిలువు వరస వేశాను. వచ్చిన తేదీ అని. పద్నాలుగున పోయి, పదిహేనున వచ్చాడు. తేదీనీ టైమునూ కలిపి ఒకే అంకె చేసి, వచ్చిన దాంట్లోంచి పోయినది తీసేస్తే జల్లెడ గుర్తులు రాలేదు, పెద్దా చిన్నా తారుమారు చేయనక్కర్లేదు. ఇరవై గంటల ముప్పై. పందొమ్మిది. నాలుగుంపావు. కిందికి కూడమన్నాను. పందొమ్మిది గంటల నలభై అయిదు అని చూపించింది.  మొదటి రెండు రోజులే కలిపితే ముప్పై తొమ్మిదిన్నర కదా, మూడు రోజులకు పందొమ్మిదా? వేళ్ళ మీద కూడి చూశాను, కాగితం మీద కూడి చూశాను. నలభై మూడు ముప్పావు. ఇరవై నాలుగు గంటలు ఎవరో మింగేశారు. చాలాసేపు చూస్తే అర్థమైంది, ఇది గోడ గడియారంలా తిరుగుతోంది, ఇరవై నాలుగు కాగానే మళ్ళీ సున్నా నుంచి మొదలు, గడిచిన రోజును వెనక్కి తోసేసి మిగిలిన ముక్క మాత్రం చూపిస్తోంది. ఒక పూర్తి రోజు చేసిన మనిషికీ అసలు పనే చేయని మనిషికీ అది చూపించేది ఒకటే సున్నా. నా పాత నోట్సు తీశాను. ఆఖరి క్లాసులో మల్లికార్జున్ సార్ పుస్తకాలు సర్దుకుంటూ చెప్పింది, ఎవరూ రాసుకోలేదు, నేను రాసుకున్నాను. గంటల అక్షరానికి రెండు వైపులా చదరపు బ్రాకెట్లు పెడితే ఇరవై నాలుగు దాటినా గంటలు జారిపోవు. పెట్టాను. మంచెకు దడి కట్టినట్టు. నలభై మూడు, నలభై అయిదు. బుధవారం పొద్దున ఆరు నుంచి శుక్రవారం పదీ పావు దాకా యాభై రెండుంపావు గంటలు, అందులో పని నలభై మూడు ముప్పావు, మిగిలింది ఎనిమిదిన్నర. మూడున్నరా అయిదూ కలిపితే ఎనిమిదిన్నరే. అన్నీ అతికాయి. ఎక్కడా చిన్న సందు లేదు. నాకు ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు, వీపు నిటారుగా అయింది, అంతే.

పొద్దున ఆ కాగితం యజమాని గారి బల్ల మీద పెట్టి, సార్, ముందు ఇచ్చింది తప్పు, తప్పు నాది అన్నాను. ఏడు నెలల్లో ఆయనతో నేను మాట్లాడిన అతి పొడుగు మాట అదే. అచ్యుతరామయ్య గారి మొహం ఎర్రబడింది. "కంప్యూటర్ తప్పు చెబుతుందా అమ్మాయ్?" అన్నారు. "చెప్పలేదండీ. మొదట్నుంచీ గుర్తులు పెట్టి ఇది కుదరదు అంటూనే ఉంది. నేనే వినలేదు." పెద్దదాంట్లోంచి చిన్నది తీయమన్నది ఎవరో చెప్పలేదు. చెప్పాల్సిందా? ఉద్యోగం పోతే హాస్టల్ గదిలో నాతో ఉండే రమామణికి ఏం చెప్పాలి, ఊళ్ళో ఏం చెప్పాలి. పోనీ. మూడు వారాలుగా నా కాగితం అబద్ధం మోస్తోంది, ఈ రోజు మొయ్యడం లేదు. గడులు నా వైపు ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. పన్నెండూ అయిదు. లోపలినుంచి అచ్యుతరామయ్య గారి గొంతు, ఈసారి దగ్గరి మనుషులకు చెబుతున్నట్టు మెల్లగా, "ఆ పిల్లకు పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యమని చెప్పింది నేనేనండీ. ఫోన్లో ఉండి చెప్పాను. రాసుకోండి." తర్వాత చలపతిరావు గారి పిలుపు, "హైమా, ఒకసారి రామ్మా." లేచాను.  బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి. ఆయన కొత్త కాగితం మీద వేలు పెట్టి, "ఈ తేదీ ఎలా మారిందో మళ్ళీ చెప్పు, సంఘం వారికి" అన్నారు. ఒక్క క్షణం అంకెలన్నీ నోట్లోకి వచ్చాయి, పావు, అర, చుక్క తర్వాతి ముక్కలు. అవేవీ చెప్పలేదు. "గురువారం రాత్రి ఒంటి గంట సార్. తెల్లవారితే శుక్రవారం" అన్నాను. చలపతిరావు గారు ఆ తేదీని మళ్ళీ చదువుకున్నారు. "మా అమ్మ ఉత్తరాల్లో ఇలాగే రాసేది" అన్నారు. పాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నారు, చింపలేదు, దాచుకున్నారు. "అచ్యుతరామయ్య గారూ, భిక్షం చెయ్యి అతికాక బండెక్కుతాడు. అర్ధరాత్రి దిగినవాణ్ణి తెల్లారగానే మళ్ళీ ఎక్కించేది మాత్రం ఇక లేదు. ఆ మంచం మాట నేనే అన్నాను, నేనే వెనక్కి తీసుకుంటున్నానని ఫిల్మ్‌నగర్ అంతా చెప్పండి, అదీ మధ్యాహ్నానికల్లా."

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. పన్నెండుంపావు. కిటికీ అవతల కారు లేదు, ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు. వెనకాల చెప్పుల చప్పుడు, మందుల వాసన. భిక్షం. తెర వైపు వంగాడు. "నా పేరు యాడుంది బిడ్డా, చూపియ్యి." చూపించాను. నలభై మూడు నలభై అయిదు మీద వేలు పెట్టాను. "గంతేనా? నాకు గీ జన్మంత అనిపించింది" అన్నాడు, ఈసారి పక్కటెముక పట్టుకుని మరీ నవ్వాడు. మరి గిదేంది అని పక్క గడి అడిగాడు. మీరు పడుకున్నది కాకా, ఎనిమిదిన్నర అన్నాను. నవ్వు ఆపి తల అడ్డంగా ఊపాడు.

"తప్పు బిడ్డా. అండ్ల బోరబండకు నడిసింది గూడ ఉన్నది. గా యాళకు బస్సులేడియి? పోను గంట, రాను గంట. రెండు దినాలు. తీసెయ్."

గేటు నుంచి గేటు దాకానే నా లెక్క. గేటు బయట అతను నడిచిన గంటలను ఏ రిజిస్టరూ రాయలేదు. కొత్త నిలువు వరస వేశాను, పైన నడక అని రాశాను. కింద నాలుగు గంటలు కొట్టాను. ఎనిమిదిన్నరలోంచి నాలుగు. భిక్షం ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు, జల్లెడ గుర్తుల సంగతి అతనికి తెలియదు, అయినా నేను చూసినట్టే చూస్తున్నాడు. అంకె వచ్చింది. నాలుగు, ముప్పై.

"ఆఁ," అన్నాడు భిక్షం, బాగున్న చెయ్యి నా కుర్చీ మీద వేసి, "గిప్పుడు సరిపాయె."